కడుపులోని బుడగ: దాని వెల యెందుకు మారును?

స్త్రీ దేహము బరువెక్కుటకు కారణములు పెక్కులు గలవు. కాన్పులు, వయస్సు, నిద్రలేమి, థైరాయిడు గ్రంథి మాంద్యము, వంశపు తీరు, తిండిలోని మార్పు, ఇంటి పనిలోని మార్పు - వీనిలో నేది యెంతయని వేరుచేసి చెప్పుట వైద్యులకే కష్టము. కాని బరువెక్కిన స్త్రీని జూచి లోకము చెప్పు కారణ మొక్కటే: తిని కూర్చున్నదని. ఈ మాట పడలేక యెందరో సోదరీమణులు త్వరగా బరువు దింపు మార్గములకై వెదకుచుందురు. అట్టివారి చేతిలోని ఫోనులోనికే యిప్పుడు ప్రకటనలు వచ్చుచున్నవి. కోత లేదు, కుట్టు లేదు, కడుపులో నొక బుడగ నుంచిన చాలు, ఆకలి తనంతట తానే తగ్గునని ఆ ప్రకటనలు చెప్పును.

బ్రహ్మంగారిమఠము చుట్టుపట్ల పల్లెలలోని యిల్లాలికిని, ప్రొద్దుటూరి బంగారు అంగళ్ళ వీథిలోని గృహిణికిని, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల సోదరీమణులకును ఈ ప్రకటన యొక్కటే. కాని వెల యెంతయని యడిగినచో నొక్కొక్క చోట నొక్కొక్క మాట వినవచ్చును. ఒకచోట చెప్పిన దానికి మరియొకచోట రెట్టింపు చెప్పుదురు. ఎక్కడ నడిగినను మాట వేలలో గాక లక్షలలోనే యుండును. ఇంత భేద మెందుకు? తక్కువ చెప్పినవారు మేలు చేయువారును, ఎక్కువ చెప్పినవారు మోసగించువారును అని యెంచవచ్చునా? ఇల్లు దిద్దుకొను స్త్రీ బియ్యము కొన్నను బట్ట కొన్నను నాణ్యమెంత, తూకమెంత యని యడుగక మానదు. తన దేహము విషయమున మాత్రము అడుగుటకు సంకోచించును. ఆ సంకోచమును తొలగించుటకే యీ వ్యాసము.

ఇది కొద్దిమంది ధనికుల ముచ్చట గాదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 36.3 మంది అధికమైన బరువు గలవారు. దేశము మొత్తము మీద నీ సంఖ్య నూటికి 24. అదే సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత గలదని తేలినది. అనగా బరువు హెచ్చును, రక్తము తగ్గును ఒకే యింట, పెక్కు తావుల నొకే దేహమున గూడి యున్నవన్నమాట. ఈ రెండవ సంగతిని గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పని గలదు.

బుడగ యన నేమి?

ఇది మెత్తని సిలికోనుతో చేసిన సంచి. మడచి యున్నదానిని నోటి ద్వారమున కడుపులోనికి దింపి, సన్నని గొట్టము గుండ ఉప్పునీటితో నింపుదురు. సాధారణముగా వాడబడు ఆర్బెరా యను బుడగలో 400 మొదలు 700 మిల్లీలీటర్ల వరకు నీరు పట్టును. నిండిన బుడగ కడుపులో చోటాక్రమించును. తిన్న యాహారము ప్రేగులలోనికి జారుటను గూడ నాలస్యము చేయును. కాబట్టి కొంచెము తినగానే నిండినట్లుండి, ఆ నిండుదనము చాలసేపు నిలుచును. బుడగ క్రొవ్వును కరిగించు మందు గాదు. అది చేయునదెల్ల తిండి తగ్గించుకొనుటకు కొన్ని నెలలపాటు తోడు నిలుచుటయే.

ఈ యాలోచన నిన్న మొన్నటిది గాదు. 1982లో డెన్మార్కు దేశపు వైద్యులు దీనిని గూర్చి మొదట ప్రకటించిరి. 1985లో అమెరికా ప్రభుత్వము గారెన్-ఎడ్వర్డ్స్ అను గాలిబుడగకు అనుమతి యిచ్చెను. అది గొట్టము వలె నుండి అంచులు గరుకుగా నుండుటచేత కడుపులో పుండ్లు పుట్టించెను. గాలి తీసి ప్రేగులలోనికి జారి అడ్డుపడెను. కొలది యేండ్లలోనే దాని అమ్మకము నిలిచిపోయెను. 1987లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున టార్పన్ స్ప్రింగ్స్ అను నూరిలో నిపుణులు కూడి, మంచి బుడగ యెట్లుండవలెనో నిర్ణయించిరి: నునుపుగా నుండవలెను, చాలకాలము మన్నవలెను, గాలితో గాక నీటితో నింపవలెను, ఎక్స్‌రేలో కనబడు గుర్తు దానిపై నుండవలెను, పరిమాణమును మార్చుటకు వీలుండవలెను. నేటి సిలికోను బుడగలు ఆ నిర్ణయముల నుండి పుట్టినవే. అమెరికాలో వీనికి తిరిగి అనుమతి 2015లో గాని దొరకలేదు.

ఈ చరిత్ర యెందుకు చెప్పవలసి వచ్చెననగా, వెలలోని మొదటి భాగము దీనిలోనే దాగి యున్నది. కడుపులోని ఆమ్లము ఇనుప మేకును సహితము తినివేయ గలది. అట్టి చోట నెలల తరబడి చిరుగక, కారక, గరుకెక్కక నిలువవలసిన వస్తువిది. చూచుటకు పిల్లలాడుకొను బుడగ వలె నున్నను, దాని వెల రబ్బరు వెల గాదు. మన్నికను పరీక్షించి నిరూపించిన వెల.

బుడగల రకములు

వెల మారుటకు మొదటి కారణము బుడగ రకము. ఆరు నెలల బుడగ యొకటి. సంవత్సర ముంచదగినది యొకటి. మధ్యలో నీరు పెంచుటకో తగ్గించుటకో వీలగు స్పాట్జ్ అనునది మరియొకటి. మొదటి వారములో వాంతులకు తాళలేనివారికి నీరు తగ్గించి యుపశమింపజేయ వచ్చును. కొన్ని నెలలకు బరువు తగ్గుట నిలిచిపోయినవారికి నీరు పెంచవచ్చును. ఈ సౌకర్యమునకు వెల హెచ్చు. నీరు మార్చిన ప్రతిసారియు ఎండోస్కోపీ ఖర్చు వేరుగా వచ్చును.

మ్రింగు బుడగ యింకొక రకము. అల్యూరియన్ అను నీ బుడగ గుళికలో మడచి యుండును. దానికి సన్నని గొట్టము తగిలించి యుండగా రోగి నీళ్ళతో మ్రింగును. ఎక్స్‌రే తీసి చేరవలసిన చోట చేరినదని చూచి 550 మిల్లీలీటర్ల ద్రవముతో నింపి గొట్టము లాగివేయుదురు. సుమారు పదునారు వారములకు దాని ద్వారము తనంతట తెరచుకొని, ఖాళీ సంచి మలముతో బయటపడును. దీనికి సాధారణముగా మత్తును, ఎండోస్కోపీయు అక్కరలేదు. కాబట్టి ఆ ఖర్చు లేదు. కాని బుడగ వెలయే యెక్కువ, ఉండు కాలము తక్కువ. ఖాళీ సంచి ప్రేగులో చిక్కుకొనిన సందర్భములును అరుదుగా గలవు. ఒకదానిలో తగ్గిన ఖర్చు మరియొకదానిలో పెరుగునని దీనివలన తెలియును.

ఈ బుడగలలో ముఖ్యమైనవి విదేశముల నుండి దిగుమతి యగునవి. కాబట్టి డాలరు మారకపు రేటును, సుంకములును వెలలో చేరును. 2020వ సంవత్సరపు బడ్జెటులో దిగుమతి యగు వైద్యోపకరణములపై 5 శాతము ఆరోగ్య సెస్సు విధింపబడెను. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి వైద్యోపకరణములలో పెక్కింటిపై వస్తుసేవల పన్ను 5 శాతమునకు తగ్గింపబడెను. పన్ను తగ్గినచో వెలయు తగ్గవలెను. పాత ధరయే చెప్పుచున్న చోట ఈ సంగతి యడుగుటలో తప్పు లేదు.

దింపుట యొక ఖర్చు, తీయుట మరియొక ఖర్చు

మామూలు బుడగను దింపుటకు ఇరువది ముప్పది నిమిషములు చాలును. తేలిక మత్తిచ్చి, ఎండోస్కోపీ గొట్టముతో కడుపులో పుండ్లు మొదలగునవి లేవని చూచి, పిమ్మట బుడగను నింపుదురు. పెక్కుమంది ఆ దినమే యింటికి పోవుదురు. ఈ చిన్న పనిలో జీర్ణకోశ వైద్యుని ఫీజు, మత్తు వైద్యుని ఫీజు, ఎండోస్కోపీ గది యద్దె, నర్సుల సేవ, అవసరమైనచో ఒక రాత్రి గది - ఇన్ని చేరి యున్నవి.

ఇక నిక్కడ చాలమంది మోసపోవు చోటొకటి గలదు. బుడగను దింపిన చేతులే దానిని తీయవలెను. గడువు తీరగానే మరల మత్తిచ్చి, మరల ఎండోస్కోపీ చేసి, సూదితో బుడగను పొడిచి నీరు లాగివేసి, కొక్కెముతో బయటికి తీయవలెను. గడువు దాటి యుంచినచో బుడగ బలహీనపడి చిట్లి ప్రేగులలోనికి జారవచ్చును. కాబట్టి తీయుట యిష్టమైన చేయు పని గాదు, తప్పనిసరి పని. తక్కువ వెల చెప్పు కొన్ని చోట్ల ఆ వెల దింపుటకు మాత్రమే. తీయునప్పటి ఖర్చు వేరు. మొదట లక్షన్నర యని విని సంతోషించిన కుటుంబము, ఆరు నెలల తరువాత మరియొక బిల్లును జూచి కంగారుపడుట యిందువలననే. ‘తీయుట గూడ చేరి యున్నదా?’ అను ప్రశ్న మొదటి దినమే యడుగవలెను. జవాబు కాగితముపై వ్రాయించుకొనవలెను.

ముందు పరీక్షలు, పిదప మందులు

బుడగ యందరికిని తగదు. వెనుక కడుపుపై శస్త్రచికిత్స జరిగినవారు, మానని పుండ్లు గలవారు, కడుపు పైభాగము పెద్దగా ఛాతీలోనికి జారిన హయటస్ హెర్నియా గలవారు, రక్తము పలుచనగుటకు మందులు వాడువారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు దీనికి దగరు. కావున రక్తపరీక్ష, చక్కెర, థైరాయిడు, గుండె పరీక్ష, గర్భపరీక్ష, ఎండోస్కోపీ మొదలగునవి ముందుగా చేయుదురు. ఇవి యనవసరపు ఖర్చులని విసుగుకొనరాదు. థైరాయిడు మాంద్యమున్నదని తేలినచో, ముందు దానికి చికిత్స చేయించుకొనవలెను. ఆ మాత్రకు వెల స్వల్పము.

బుడగ యున్నంతకాలము కడుపులోని ఆమ్లమును తగ్గించు మాత్ర ప్రతిదినము వేసికొనవలెను. మొదటి వారములో వాంతులు, కడుపునొప్పి, వికారము సామాన్యముగా వచ్చును. వానికి మందులు వేరు. తిండి తగ్గును గాన విటమినులు, ఇనుము వేరు. మన రాష్ట్రమున సగముకంటె నెక్కువమంది స్త్రీలు రక్తహీనులని పైన చెప్పితిమి. రక్తహీనురాలు రక్తమును వృద్ధి చేసికొనకయే తిండి తగ్గించినచో బరువు తగ్గినను బలము తగ్గును. కాబట్టి రక్తపరీక్ష ఖర్చును, ఇనుప మాత్రల ఖర్చును బుడగ ఖర్చులోని భాగములే యని యెంచవలెను.

ఆహార నిపుణురాలి పని

వెలలో అందరును తేలికగా దాటిపోవు భాగమిది; ఫలితమంతయు దీనిపైననే యాధారపడి యున్నది. మంచి యేర్పాటులో బుడగ కాలమంతయు, కొన్నిచోట్ల బుడగ తీసిన పిదప మరి కొన్ని నెలలును, ఆహార నిపుణురాలు నెలనెలా చూచి, తిండి వ్యాయామములను సరిదిద్దుచుండును. ఈ సేవకు వెల గలదు గనుక ఈ యేర్పాటు గల ఆస్పత్రి వెల ఎక్కువగా నుండును. బుడగను దింపి పంపివేయు చోట వెల తక్కువగా నుండును. రెండు వెలలను ప్రక్క ప్రక్కన బెట్టి పోల్చుట, కుట్టిన రవికెను గజముబట్టతో పోల్చుట వంటిది.

మొదటి కొన్ని దినములు ద్రవాహారమే. పిదప మెత్తని ఆహారము. తరువాత మామూలు తిండి, కొంచెము కొంచెముగా, బాగుగా నమలి తినవలెను. మన సీమవారికి దీనికై క్రొత్త తిండి కొనవలసిన పని లేదు. పలుచని రాగి అంబలి, మజ్జిగ, పప్పుకట్టు మొదటి వారములకును, మెత్తగా నుడికిన కొర్ర యన్నము, పప్పు, ఆకుకూరలు, గ్రుడ్డు తరువాతి వారములకును సరిపోవును. కాని పెద్ద ముద్ద సంకటి మ్రింగు నలవాటు మానవలెను. ఎఱ్ఱకారము పూసిన దోశలును, ఉగ్గాని బజ్జీలును కొన్నాళ్ళు దూరముగా నుండవలెను. తీపి పానీయములు, పాయసములు బుడగ ప్రక్కనుండి సులువుగా జారిపోవును. వానిని అది యాపలేదు.

ఇచ్చట నొక చిక్కు గలదు. ఇంటిల్లిపాదికిని వండిపెట్టు స్త్రీ తనకై వేరుగా వండుకొనుట అరుదు. అందరును తిన్న పిదప, ప్రొద్దు పోయిన తరువాత, మిగిలినది పారవేయుట కిష్టము లేక తిను నలవాటు మనలో నెందరికో గలదు. ఆ యలవాటును బుడగ మార్చలేదు, కుటుంబము మార్చవలెను. భర్తయు, అత్తగారును, పిల్లలును ఆమె భోజనవేళను, ఆమె నడకవేళను గౌరవింపనిచో, లక్షలు పోసి కొన్నది ఆరు నెలల కడుపునొప్పి మాత్రమే యగును.

ఊరి దూరము వెలలో చేరునా?

తప్పక చేరును. ఈ చికిత్స హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై వంటి నగరములలో ఎక్కువగా జరుగును. నగరమున అద్దెలు, జీతములు హెచ్చు; పేరుపొందిన వైద్యుని ఫీజు హెచ్చు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించి, 2025లో పద్మవిభూషణ్ పొందిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు మన సీమలోని కర్నూలు వైద్య కళాశాలలోనే చదివిరి. ఎండోస్కోపీ విద్యలో తెలుగువారు ప్రపంచఖ్యాతి గడించిన మాట నిజము. ఆ విద్య మన పల్లెల కింకను దూరముగా నున్న మాటయు నంతే నిజము.

వీరబ్రహ్మేంద్రస్వామి సమాధి చెందిన మఠమునకు దూరదేశముల నుండి యాత్రికులు వత్తురు. పెద్ద వైద్యమునకు మాత్రము మఠము నుండి మనమే దూరదేశములు పోవలసి యున్నది. ముందుగా మైదుకూరు చేరవలెను. అక్కడి నుండి కడపకో ప్రొద్దుటూరికో పోయి, అక్కడ బండి మారవలెను. 2016లో నంద్యాల - ఎఱ్ఱగుంట్ల రైలుమార్గము తెరచిన పిదప ప్రొద్దుటూరు, జమ్మలమడుగువారికి కొంత సౌకర్యము కలిగినది. అయినను నగరమునకు పోయి వచ్చుట రెండు మూడు దినముల పని. తోడు వచ్చువారి కూలిపని పోవును, పిల్లలను చూచుకొనుటకు మరియొకరు కావలెను, నగరమున బస కావలెను. సంప్రతింపుల కొకసారి, దింపుటకొకసారి, తీయుట కొకసారి, మధ్యలో చూపించుకొనుటకు రెండు మూడుసార్లు - కనీసము అయిదారు ప్రయాణములు. ఇవి యే ఆస్పత్రి చెప్పు వెలలోను చేరవు. ఇంటి లెక్కలో మనమే వ్రాసికొనవలెను.

దూరమునకు ధనముకంటె పెద్ద వెలయు గలదు. అమెరికా దేశపు ఎండోస్కోపీ వైద్యుల సంఘము 2015లో పెక్కు పరిశోధనలను సమీకరించి చూడగా, ఆర్బెరా బుడగ వేసికొన్నవారిలో నూటికి ఏడెనిమిది మంది బాధ తాళలేక గడువుకు ముందే తీయించుకొనిరని తేలెను. కడుపునకు చిల్లు పడుట వేయికొకరికి. ఇది యరుదే, కాని ఆ యొక్కరికి గంటలలో వైద్యము కావలెను. అమెరికా ఆహారౌషధ నియంత్రణ సంస్థ 2017 ఫిబ్రవరిలో, ఈ బుడగలు తమంతట తామే ఉబ్బుటను గూర్చియు, క్లోమమునకు వాపు కలుగుటను గూర్చియు వైద్యులను హెచ్చరించెను. అదే సంవత్సరము ఆగస్టులో, బుడగ వేసికొన్నవారిలో అయిదు మరణములు తమ దృష్టికి వచ్చినవనియు, అవి బుడగ దింపిన నెలలోపలనే సంభవించినవనియు ప్రకటించెను. ఆ మరణములకు బుడగయే కారణమని నిశ్చయింప లేదు. జాగ్రత్త మాత్రము తప్పదని తెలిపెను.

కాబట్టి నగరమున బుడగ వేయించుకొని పల్లెకు వచ్చిన స్త్రీ, మొదటి వారము నగరముననే, లేదా పెద్ద ఆస్పత్రి గల కడప వంటి చోటనైనను బంధువుల యింట నుండుట మేలు. కడపలో 2006లో స్థాపింపబడిన ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి గలదు. ఏ వైద్యుని వద్దకు పోయినను మొదట చెప్పవలసిన మాట ‘నా కడుపులో బుడగ యున్నది’ అని. బుడగ పేరు, దింపిన తేది, తీయవలసిన తేది వ్రాసిన చీటిని ఎల్లప్పుడు దగ్గర నుంచుకొనవలెను. పెక్కు బుడగలలో నీటితో నీలిరంగు కలుపుదురు. మూత్రము నీలముగనో ఆకుపచ్చగనో కనబడినచో బుడగ కారుచున్నదని యర్థము. అప్పుడు ఒక దినమును ఆలస్యము చేయరాదు. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, నల్లని మలము కనబడినను నంతే.

భీమా చెల్లించునా?

ఐ.ఆర్.డి.ఏ.ఐ. యను భీమా నియంత్రణ సంస్థ 2019లో చేసిన నియమముల ప్రకారము, స్థూలకాయమునకు శస్త్రచికిత్స ఖర్చును భీమా కంపెనీలు కొన్ని షరతులపై చెల్లింప వచ్చును. దేహ భార సూచిక 40గాని, లేదా 35 ఉండి తీవ్రమైన గుండెజబ్బు, అదుపు లేని చక్కెర వ్యాధి, నిద్రలో ఊపిరి యాగుట వంటివి గాని యుండి, ఇతర మార్గములు విఫలమై యుండవలెను. బుడగ శస్త్రచికిత్స గాదు. శస్త్రచికిత్స గాదను మాట ప్రకటనలో ఆకర్షణ. భీమా కాగితములో నదే యడ్డంకి. కాబట్టి పెక్కుచోట్ల ఖర్చు మన చేతి నుండియే పోవును. పాలసీ గలవారు ముందుగా వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనవలెను.

చేతి నుండి పోవుననగా పెక్కు కుటుంబములలో మొదట కదలునది స్త్రీ యొంటి బంగారమే. ప్రొద్దుటూరిలో కొన్న గాజులు ప్రొద్దుటూరిలోనే కుదువకు పోవును. రెండు లక్షలు నూటికి నెలకు రూపాయి వడ్డీకి తెచ్చినచో నెలకు రెండు వేలు వడ్డీ. బుడగ తీయు నాటికి పండ్రెండు వేలు. బుడగ పోయినను అసలు నిలిచియే యుండును. బిడ్డ చదువునకో పెండ్లికో దాచిన దానిని తీయుటకు ముందు, దాని బదులు చేతికి వచ్చునదేమో తూచి చూడవలెను.

వచ్చు ఫలమెంత?

దేహ భార సూచిక యనగా కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును దానితోనే హెచ్చవేయగా వచ్చిన సంఖ్యతో భాగించుట. మీటరున్నర యెత్తును, 75 కిలోల బరువును గల స్త్రీకి ఇది సుమారు 33. భారతీయులకు 23 దాటిన అధిక బరువనియు, 25 దాటిన స్థూలకాయమనియు మన వైద్యులు లెక్కింతురు. అమెరికాలో బుడగకు అనుమతి 30 మొదలు 40 వరకు గలవారికి. 25, 26 సూచిక గలవారు పెండ్లిచూపులకో ఫొటోలకో దీనిని కోరుట తగదు. వేయుదుమని చెప్పు చోటికి పోకుండుటయే మేలు.

పైని చెప్పిన సంఘపు లెక్క ప్రకారము బుడగవలన ఆరు నెలలలో మొత్తము బరువులో సుమారు 13 శాతము తగ్గును. బుడగ తీసిన ఆరు నెలలకు సుమారు 11 శాతము నిలుచును. 75 కిలోల స్త్రీకి ఇది ఎనిమిది మొదలు పది కిలోలు. ప్రకటనలలో చూపు ముప్పది కిలోల అద్భుతము గాదు, నిష్ఫలమును గాదు. పది శాతము తగ్గినను చక్కెర, రక్తపుపోటు, మోకాళ్ళ నొప్పి మెరుగగుట వైద్యు లెరిగిన సంగతియే. ఇవి సగటు లెక్కలు. అలవాటు మార్చుకొననివారు పోయిన బరువును తిరిగి పొందుదురు.

ఇతర మార్గములతో గూడ పోల్చి చూడవలెను. శస్త్రచికిత్స ఖర్చు హెచ్చు, బరువు తగ్గుట హెచ్చు, ఫలము చిరకాలము. భీమా దొరకు అవకాశము గలదు. మౌంజారో, వెగోవీ యను వారపు సూదిమందులు 2025లో మన దేశమునకు వచ్చినవి. వానికి ఒక్కసారి పెద్ద ఖర్చు లేదు గాని నెలనెలా ఖర్చు గలదు, మానినచో బరువు తిరిగివచ్చును. వీనిలో నేది తగునో వైద్యుడే దేహమును చూచి చెప్పవలెను.

అడుగవలసిన ప్రశ్నలు

వైద్యుని గదిలోనికి పోవుటకు ముందు ఈ ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని పోవుడు.

1. బుడగ పేరేమి? ఎన్ని నెల లుండును? దాని డబ్బాను, ముద్రణను చూపుదురా?

2. చెప్పిన వెలలో పరీక్షలు, మత్తు, దింపుట, తీయుట చేరి యున్నవా?

3. గడువుకు ముందే తీయవలసి వచ్చినచో ఆ ఖర్చెవరిది? ఏమైన తిరిగి యిత్తురా?

4. ఆహార నిపుణురా లెన్ని నెలలు చూచును? దూరపు పల్లెవారికి ఫోనులో సలహా దొరకునా?

5. అర్ధరాత్రి వాంతులు ఆగనిచో నెవరికి ఫోను చేయవలెను? మా జిల్లాలో బుడగను తీయగల వైద్యు డెవరు?

6. ఇట్టి బుడగలు మీరెన్ని వేసితిరి? ఎన్నింటిని ముందుగా తీయవలసి వచ్చెను?

ఈ యారింటికిని ఓపికతో జవాబు చెప్పు వైద్యుని వద్ద వెల కొంత హెచ్చైనను నష్టము లేదు. అయిదవ ప్రశ్నకు జవాబు లేని చోట వెల యెంత తక్కువైనను మన పల్లె స్త్రీకి అది ఖరీదైన బేరమే.

సోదరీమణులారా! బరువు తగ్గుటకు ధనము వెచ్చించుట విలాసమని యెవరైన ననినచో నమ్మకుడు. మోకాళ్ళు నొచ్చి మెట్లెక్కలేని స్త్రీకిని, చక్కెర అదుపు కాని స్త్రీకిని అది చికిత్సయే. అట్లే, ఇరుగుపొరుగువారి మాటకు సిగ్గుపడి గాజులు కుదువబెట్టుట చికిత్స గాదు. రెంటికిని గల భేదమును తెలిసికొనుటకు మొదట చేయదగినవి చాల చవుకైనవి: దగ్గరి ప్రభుత్వాస్పత్రిలో రక్తము, చక్కెర, థైరాయిడు పరీక్ష చేయించుకొనుట, మూడు నెలలు వేళకు తిని, దినమున కరగంట నడచి, ఆకుకూరలు పప్పులు పెంచి, వరియన్నము తగ్గించి, ఫలమును వ్రాసికొనుట. మూడు నెలల యా లెక్క చేతిలో నున్న స్త్రీ ఏ నగరపు ఆస్పత్రికి పోయినను తన మాట తాను చెప్పుకొనగలదు. బుడగ యవసరమని తేలినచో, ఆ మూడు నెలల అలవాటే బుడగ తీసిన తరువాతను ఆమెకు తోడుండును. కుటుంబములోని పురుషులును ఈ పుటలను చదివి, ఆమె వెంట ఆస్పత్రికి పోయి, ఆమె వెంట నడకకును పోయినచో, ఖర్చులో సగము తగ్గినట్లే యెంచవచ్చును.